ఈ తెగులుకి తెల్లదోమ మనమే



ఎప్పుడూ జీవామృతం, కషాయాలు, దేశీ విత్తనాల గురించి చెప్పుకునే చోట ఈసారి కరోనా గురించి రాస్తున్నాను. కారణం ఉంది. ఒమిక్రాన్ అని కొత్త రకం వచ్చింది. 2021 డిసెంబర్ 2న కర్ణాటకలో తొలి కేసులు బయటపడ్డాయి. రెండు వారాలు తిరక్కుండానే ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ కనపడింది. ఇటు చూస్తే మిర్చి కోతలు మొదలవుతున్నాయి, పత్తి తీతలు నడుస్తున్నాయి, సంక్రాంతికి పట్నాల నుంచి పిల్లలంతా ఊళ్ళకి రాబోతున్నారు. మనుషులు దగ్గర దగ్గరగా చేరే కాలం ఇది.

ఇంకో కారణం, మన వాళ్ళ నోట తరచూ వినపడే ఒక మాట. "మనం ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళం, చిరుధాన్యాలు తింటాం, కషాయం తాగుతాం, ఎండలో పనిచేస్తాం. మనకేం కాదు. ఈ మాస్కులూ సబ్బులూ పట్నం వాళ్ళకి." శిక్షణ తరగతుల్లో విన్నాను, సంతలో విన్నాను, వాట్సాప్ గ్రూపుల్లో అయితే రోజూ చూస్తున్నాను.

నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. వైరస్ తెగులంటే ఏంటో, దాన్ని ముందు జాగ్రత్తతో తప్ప ఆపలేమని దేశంలో ఎవరికన్నా బాగా తెలియాల్సింది మనకే. పొలంలో రోజూ చేసే పనినే ఊళ్ళో చేయమంటే మాత్రం వెనకడుగు వేస్తున్నాం.

పొలంలో వైరస్ వస్తే మనం ఏం చేస్తాం?

మిరపలో బొబ్బర వస్తుంది. బెండలో, మినుములో పల్లాకు తెగులు వస్తుంది. బొప్పాయిలో రింగ్ స్పాట్ వస్తుంది. ఇవన్నీ వైరస్ తెగుళ్ళు. మొక్కకి ఒకసారి సోకాక నయం చేసే మందు రసాయన వ్యవసాయంలోనూ లేదు, మన దగ్గరా లేదు. నేను వ్యవసాయ డిప్లొమా చదివేటప్పుడు తెగుళ్ళ పాఠంలో మొదట నేర్చుకున్నది ఇదే. శిలీంధ్రానికి మందు ఉంటుంది, పురుగుకి మందు ఉంటుంది, వైరస్‌కి మాత్రం దారి మూయడమే మందు.

అందుకే మనం ఏం చేస్తాం? నారుమడి మీద నైలాన్ నెట్ కడతాం. తోట చుట్టూ రెండు మూడు సాళ్ళు జొన్నో మొక్కజొన్నో వేస్తాం. పసుపు రంగు జిగురు అట్టలు పెడతాం. గట్ల మీద వైరస్ దాచుకునే కలుపు పీకేస్తాం. నీమాస్త్రం కొడతాం. మొదటి నెలలో ముడత కనపడిన మొక్కని జాలి పడకుండా పీకి తోట బయట పాతిపెడతాం.

వీటిలో ఏ ఒక్కటైనా నూటికి నూరు పాళ్ళు పనిచేస్తుందా? చేయదు. నెట్‌కి కన్నాలుంటాయి. జొన్న సాలు మీదుగా గాలి వాటానికి దోమ దాటి వస్తుంది. జిగురు అట్టకి అంటుకునే దోమలు కొన్నే. అయినా అట్ట పెట్టడం మానేస్తామా? మానం. పది దోమల్లో నాలుగు తగ్గినా తోటలో తెగులు పాకే వేగం తగ్గుతుంది, ఆ లోపు చెట్టు కాపుకి వస్తుందని మనకి తెలుసు.

బొబ్బర వైరస్‌ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోసేది తెల్లదోమ. ఆ దోమకి జబ్బు ఉండదు. చూడ్డానికి ఆరోగ్యంగానే ఎగురుతూ ఉంటుంది. కరోనాలో ఆ పని చేసేది మనిషే. సోకిన మనిషికి జ్వరం, దగ్గు రావడానికి 2 నుంచి 14 రోజులు పట్టొచ్చు. ఎక్కువ మందికి 5, 6 రోజుల్లో వచ్చాయి. ఒమిక్రాన్ రకంలో ఇంకాస్త తొందరగా కూడా రావచ్చు. లక్షణాలు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందే ఆ మనిషి పక్కవాళ్ళకి అంటించగలడు. కొంతమందికి అసలు లక్షణాలే రావు. "నాకు బాగానే ఉంది కదా, నాకెందుకు మాస్కు" అనే మాట ఇక్కడే తేలిపోతుంది. తెల్లదోమకీ బాగానే ఉంటుంది. ఈ తెగులుకి తెల్లదోమ మనమే.

మంచి తిండి ఎంతవరకు కాపాడుతుంది?

ఈ విషయంలో ఎవరినీ నొప్పించాలని లేదు. మన తిండి మీద నాకూ నమ్మకమే. నేను పండించేదీ అమ్మేదీ అదే. బలమైన నేలలో పెరిగిన మొక్క దెబ్బని తట్టుకుంటుంది. మంచి తిండి, సరిపడా నిద్ర, షుగర్, బీపీ అదుపులో ఉండటం మనిషికి నిజంగా మేలు చేస్తాయి. జబ్బు వచ్చినా తేలిగ్గా బయటపడే అవకాశం పెరుగుతుంది.

కానీ ఘన జీవామృతం ఎంత వేసినా, ఆచ్ఛాదన ఎంత మందంగా పరిచినా, తెల్లదోమ ఆ తోట మీద వాలకుండా ఉంటుందా? వాలుతుంది. ఆకు పచ్చగా ఉంటే ఇంకా ఇష్టంగా వాలుతుంది. అందుకే నేల బాగున్న రైతు కూడా జిగురు అట్ట పెడతాడు, అంచు పంట వేస్తాడు. మనిషి సంగతీ అంతే. నీకున్న బలం నీ జబ్బుని తేలిక చేయొచ్చు. అది నీ ముక్కులోంచి పక్కింటి ముసలాయన ముక్కులోకి పోయే వైరస్‌ని ఆపదు.

సొంఠి, మిరియాలు, తులసి వేసిన కషాయం తాగండి. గొంతుకి హాయిగా ఉంటుంది. దాన్ని మాస్కుకి బదులుగా మాత్రం లెక్క కట్టకండి. గోమూత్రం పొలానికి అమృతం, అది పొలంలోనే ఉండనివ్వండి.

"సబ్బు, శానిటైజర్ సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి, సూక్ష్మజీవులే కదా మన స్నేహితులు" అని ఒక అన్న అడిగాడు. మంచి ప్రశ్నే. నేలలో ఉండే బాక్టీరియా, శిలీంధ్రాలు సొంతంగా బతికే జీవులు, సేంద్రియ పదార్థాన్ని తిని మనకి మేలు చేస్తాయి. ఈ వైరస్ అలాంటిది కాదు. బతికున్న కణంలోకి దూరితే తప్ప పెరగలేదు. దాని చుట్టూ సన్నటి కొవ్వు పొర ఉంటుంది. సబ్బు నురుగు ఆ పొరని విడగొట్టేస్తుంది, దాంతో వైరస్ పని అయిపోతుంది. గిన్నెకి పట్టిన నెయ్యి జిడ్డు సబ్బుతో వదిలినట్టే. 20 సెకన్లు రుద్దితే చాలు. మట్టి చేతులకి శానిటైజర్ కన్నా సబ్బూ నీళ్ళే మేలు, ఖర్చూ తక్కువ. సబ్బుతో చేతులు కడుక్కుంటే పొలంలో వానపాములకి వచ్చే నష్టం ఏమీ లేదు.

నాలుగో వంతు తగ్గితే ఏమవుతుంది?

"మాస్కు వేసుకున్న వాళ్ళకీ వచ్చింది కదా?" అనేది అందరూ అడిగే ప్రశ్న. వచ్చింది, నిజమే. జవాబు చెప్పాలంటే ఒక చిన్న లెక్క చూడాలి.

ఒక మనిషి నుంచి ఇద్దరికి అంటుకుంటుంది అనుకుందాం. ఆ ఇద్దరి నుంచి నలుగురికి, నలుగురి నుంచి ఎనిమిది మందికి. ఇలా పదో విడతకి వచ్చేసరికి కొత్తగా సోకేవాళ్ళు 1,024 మంది. విడతకి అయిదు రోజులు వేసుకుంటే మొత్తం 50 రోజులు. అంటే సంక్రాంతికి ఒక్కరితో మొదలైతే శివరాత్రి వెళ్ళి కొద్ది రోజులయ్యేసరికి వెయ్యి దాటుతుంది.

ఇప్పుడు మాస్కు, దూరం, గాలి ఆడే చోటు, ఇవన్నీ కలిసి ఆ అంటుకోవడాన్ని పావు వంతు మాత్రమే తగ్గించాయనుకుందాం. సగం కూడా కాదు, పావు వంతే. ఒక్కొక్కరి నుంచి ఇద్దరికి బదులు సగటున ఒకటిన్నర మందికి అంటుకుంటుంది. అప్పుడు పదో విడతలో కొత్తగా సోకేవాళ్ళు 58 మంది. మీరే కాలిక్యులేటర్ తీసుకుని వేసి చూడండి.

1,024 ఎక్కడ, 58 ఎక్కడ? చేసిన జాగ్రత్త నాలుగో వంతు, వచ్చిన తేడా దాదాపు పద్దెనిమిది రెట్లు. చక్రవడ్డీకి అప్పు తీసుకున్న రైతుకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. వడ్డీ రేటు కొంచెం తగ్గినా చివర్లో కట్టే మొత్తం ఎంత తగ్గుతుందో మనకి అనుభవమే.

రెండో లెక్క. ఒక్కో జాగ్రత్త పావు వంతు ఆపుతుందనుకుంటే, 100లో మొదటిది దాటి వచ్చేది 75. రెండోది దాటేది 56. మూడోది దాటేది 42. నాలుగోది దాటేది 32. ఏ ఒక్కటీ గట్టిది కాదు. నాలుగూ కలిస్తే మూడింట రెండు వంతులు ఆగిపోయింది. నెట్, అంచు పంట, జిగురు అట్ట, నీమాస్త్రం అన్నీ కలిపి ఎందుకు చేస్తామో ఇదీ అందుకే. ఇవి అర్థం కావడానికి వేసిన ఉదాహరణలు. అసలు వైరస్ ఇంకా వేగంగానే పాకుతుంది, డెల్టా అయితే మరీను. వేగం పెరిగేకొద్దీ జాగ్రత్త విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

వేగం తగ్గితే ఏంటి లాభం, ఎప్పటికైనా అందరికీ వచ్చేదే కదా అంటారు. 2021 మే నెల గుర్తు చేసుకోండి. దేశంలో ఒక్క రోజులో 4 లక్షలకి పైగా కేసులు వచ్చాయి. మే మధ్యలో ఒక్క ఆంధ్రాలోనే రోజుకి 24 వేలు దాటాయి. మంచం దొరక్క, ఆక్సిజన్ సిలిండర్ దొరక్క పోయినవాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. ఆ మనుషులే ఆరు నెలల మీద కొంచెం కొంచెంగా జబ్బు పడి ఉంటే చాలామందికి మంచం దొరికేది. నీళ్ళన్నీ ఒక్కసారి వచ్చి పడితే చెరువు కట్ట తెగుతుంది. అవే నీళ్ళు నెమ్మదిగా వస్తే తూము సరిపోతుంది.

ఇది నిజంగా జరిగిందా?

కాగితం మీద లెక్కలు చాలు, జరిగింది చూద్దాం.

మనకి ఎండాకాలం, వానాకాలం నడుస్తుండగా భూగోళానికి కింది వైపు దేశాల్లో చలికాలం. ఏటా అక్కడ ఆ నెలల్లో ఫ్లూ విపరీతంగా ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి జూలై వరకు ఆస్ట్రేలియా, చిలీ, దక్షిణాఫ్రికా మూడు దేశాల్లో కలిపి 83 వేలకు పైగా నమూనాలు పరీక్షిస్తే ఫ్లూ దొరికింది 51 మందిలో. అంతకు ముందు మూడేళ్ళలో అవే నెలల్లో వందకి 13, 14 మందిలో దొరికేది. ఫ్లూ కోసమని ఎవరూ కొత్త మందు కనిపెట్టలేదు. కరోనా కోసం పెట్టుకున్న మాస్కులు, కడుక్కున్న చేతులు, ఆపుకున్న గుంపులు, మూసిన బడులు, ఆగిన ప్రయాణాలు, అన్నీ కలిసి ఫ్లూ దారిని కూడా మూసేశాయి. ఇందులో మాస్కు వాటా ఎంత, బడుల వాటా ఎంత అని విడదీయలేం. దారులు మూస్తే వైరస్ ఆగుతుందన్నది మాత్రం కళ్ళముందు కనపడింది.

రెండోది మన పొరుగున బంగ్లాదేశ్‌లో జరిగింది. మనలాంటి పల్లెలే, మనలాంటి సంతలే. 600 గ్రామాల్లో, దాదాపు 3 లక్షల 40 వేల మంది పెద్దవాళ్ళతో చేసిన పరిశీలన అది. సగం ఊళ్ళలో మాస్కులు ఉచితంగా పంచారు, మసీదుల్లో, బజారుల్లో చెప్పించారు, వేసుకోని వాళ్ళకి మర్యాదగా గుర్తు చేశారు. దాంతో మాస్కు వేసుకునేవాళ్ళు 100కి 13 నుంచి 42కి పెరిగారు. అంటే అప్పుడు కూడా సగం మందికి పైగా వేసుకోలేదు. అయినా ఆ ఊళ్ళలో లక్షణాలతో జబ్బు పడి, రక్త పరీక్షలో కరోనా అని తేలినవాళ్ళు 9 శాతం దాకా తగ్గారు. సర్జికల్ మాస్కులు ఇచ్చిన ఊళ్ళలో 11 శాతం. అదే ఊళ్ళలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 35 శాతం తగ్గింది.

ఆ చివరి అంకె ఇంకోసారి చూడండి. ఎక్కువ లాభపడింది ముసలివాళ్ళు. ఊళ్ళో కుర్రవాడు మాస్కు వేసుకుంటే బతికేది అరుగు మీద కూర్చున్న తాతయ్య.

మన పనుల్లో ఎక్కడ జాగ్రత్త?

మనకొక అదృష్టం ఉంది. మన పని బయట, గాలిలో, ఎండలో. ఈ వైరస్ ఎక్కువగా పాకేది మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు వచ్చే తుంపర్ల ద్వారా, ఊపిరితో వచ్చి గాలిలో తేలే సన్న కణాల ద్వారా. మూసిన గదిలో ఆ కణాలు చాలాసేపు తేలుతూ ఉంటాయి. ఆరుబయట గాలి వాటిని చెదరగొట్టేస్తుంది. కాబట్టి మిరప సాల్లో ఒక్కో అక్క ఒక్కో వరస పట్టుకుని కాయ కోస్తుంటే భయం తక్కువ. మాస్కు తీసేసినా పెద్ద ఇబ్బంది లేదు.

ముప్పు ఉండేది సాలుకి అటూ ఇటూ. అవేంటో వీడియోలో ఒక్కొక్కటీ చూపించాను, ఇక్కడ క్లుప్తంగా.

ఆటో. ఏడుగురు పట్టే ఆటోలో పద్నాలుగు మంది, చలికి పక్క పరదాలు దించేసి. పొలంలో రోజంతా దూరంగా ఉన్నవాళ్ళు ఆ అరగంటలో ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తారు. పరదాలు ఎత్తి కట్టండి. ఆటోలో మాత్రం అందరూ మాస్కు వేసుకోవాలి. కుదిరితే రెండు ట్రిప్పులు. డీజిల్ ఖర్చు పెరుగుతుంది, నాకూ తెలుసు.

సద్ది వేళ. చెట్టు కింద గుండ్రంగా కూర్చుని కూరలు పంచుకు తినడం మనకి ఇష్టం. అప్పుడే ముసుగులు తీస్తాం, అప్పుడే ఎక్కువ మాట్లాడతాం. నీడ ఉన్నంత మేర చెదిరి కూర్చోమనండి. బిందెలో చెంబు ముంచి అందరూ దానితోనే తాగడం మానేసి ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోవాలి. చుట్ట, బీడీ ఒకరి నోట్లోది ఇంకొకరు అందుకోవడం, ఖైనీ ఉమ్మడం ఈ కాలంలో అస్సలు వద్దు. బోరు దగ్గర ఒక సబ్బు తాడుకి కట్టి వేలాడదీయండి. పది రూపాయల సబ్బు ముఠాకంతా వారం వస్తుంది.

కల్లం, గోడౌన్. తాలు కాయలు ఏరే పని, టిక్కీలు తొక్కే పని రేకుల షెడ్డులో తలుపులు వేసి చేస్తుంటారు. తలుపులు, కిటికీలు తీసి పెట్టండి, కుదిరితే పని కల్లం మీదకి మార్చండి. మిర్చి ఘాటుకి మన అక్కలు ముక్కూ నోరూ గుడ్డతో గట్టిగా కట్టుకునే కదా పనిచేస్తారు! "ఊపిరి ఆడట్లేదు" అని అప్పుడు ఎవరూ అనరు. అదే గుడ్డ రెండు మూడు మడతలు వేసి, ఉతికింది, ముక్కు మీద నుంచి గడ్డం కింద దాకా ఉంటే పనికొస్తుంది. సర్జికల్ మాస్కు అయితే ఇంకా మంచిది. గడ్డానికి వేలాడే మాస్కు జేబులో పెట్టిన జిగురు అట్టలాంటిది.

సంత, సేంద్రియ బజారు. మన కొనుగోలుదారుల్లో పెద్ద వయసు వాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు ఎక్కువ. ఆరోగ్యం కోసమే కదా మన దగ్గరికి వస్తున్నారు. వాళ్ళకి విషం లేని బియ్యం ఇస్తూ ముసుగు లేకుండా మొహం మీద మాట్లాడితే మనం ఇచ్చేది ఏంటి? టేబుల్ ముందు ఒక బల్ల అడ్డం పెట్టి దూరం ఉంచండి. వారం ముందే ఆర్డర్ తీసుకుని సంచి కట్టి ఉంచితే గుంపు తగ్గుతుంది.

శిక్షణలు, మీటింగులు. జీవామృతం కలపడం చెట్టు కింద చూపించొచ్చు, ఏసీ హాలు అక్కర్లేదు. మన విద్యే ఆరుబయటి విద్య.

జ్వరం వచ్చిన రోజు కూలి ఎవరిస్తారు?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తేలిక. అసలు కష్టం ఇక్కడుంది. నేను ఈ పోస్టు రాయడానికి ముఖ్య కారణం కూడా ఇదే.

తెగులు సోకిన మొక్కని తోటలోంచి తీసేయడం మనకి తెలుసు. మనిషిని అలా తీసేయలేం, తీసేయకూడదు. "జ్వరం ఉంటే పనికి రావద్దు" అని రైతు అంటాడు. రాకపోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? అందుకే పారాసిటమాల్ బిళ్ళ వేసుకుని, ఒళ్ళు కాలుతున్నా ఆటో ఎక్కుతారు. మేస్త్రికి చెప్పరు, పక్కవాళ్ళకి చెప్పరు. ఇది వాళ్ళ తప్పు అని నేననను. రోజు కూలి మీద బతికే మనిషికి జబ్బు దాచుకోక తప్పని పరిస్థితి మనమే కల్పిస్తున్నాం.

కోత కూలి రోజుకి 300 అనుకుందాం. ఒక అక్కకి జ్వరం వస్తే ఏడు రోజులు ఇంట్లో ఉండమని చెప్పి సగం కూలి ఇస్తే రైతుకి అయ్యేది 1,050 రూపాయలు. అదే ఆమె ముఠాలో పద్నాలుగు మందికి అంటిస్తే? పండు కాయ చెట్టు మీద ఉండగా పది పన్నెండు రోజులు కోత ఆగుతుంది. కాయ ఎండి రాలుతుంది, రంగు పోతుంది, తాలు పెరుగుతుంది. ఆ నష్టం ముందు వెయ్యి రూపాయలు ఎంత? 2021లో అసలే కొత్త నల్ల తామర పురుగు పూతలో దూరి మిరప రైతుని చంపేసింది. మందు మీద మందు కొట్టినా ఆగక తోటలు పీకేసినవాళ్ళున్నారు. మిగిలిన కాయనైనా దక్కించుకోవాలంటే కోసే చేతులు బాగుండాలి.

నేను ఈ సీజన్ నుంచి నా దగ్గర పనిచేసేవాళ్ళకి ఇలా చెప్పాను. జ్వరం గానీ, దగ్గు గానీ ఉంటే ముందే ఫోన్ చేయండి, రాకండి, సగం కూలి ఇంటికి పంపిస్తాను, తగ్గాక మీ చోటు మీకే. పెద్ద రైతుని కాను, పది పన్నెండు మందికి మించి పనికి రారు కాబట్టి భరించగలను. ఒక్కడికి కష్టమైతే పది మంది రైతులు కలిసి ఎకరానికి ఇంత అని వేసుకుని ఒక చిన్న నిధి పెట్టుకోవచ్చు. విత్తన బ్యాంకు పెట్టుకున్నవాళ్ళం, ఇది పెట్టుకోలేమా? నేలని తల్లి అనే మనం ఆ నేల మీద వంగి పనిచేసే మనిషిని మర్చిపోతే ఆ మాటకి అర్థం ఉండదు.

ఇంకో మాట. "సామాజిక దూరం" అనే మాట నాకు నచ్చదు. మన ఊళ్ళలో ఆ దూరం వందల ఏళ్ళుగా ఉంది, ఎవరిని ఎక్కడ నిలబెట్టారో అందరికీ తెలుసు. జాగ్రత్త పేరుతో పాత అంటుని మళ్ళీ తేవద్దు. కావాల్సింది మనిషికీ మనిషికీ మధ్య కొన్ని అడుగుల ఖాళీ, అది రైతుకీ కూలీకీ ఒకటే కొలత. జబ్బు పడ్డ ఇంటి గడప ముందు కూరగాయల సంచి, పాల సీసా పెట్టి ఒక కేక వేసి వచ్చేయండి. దూరంగానే ఉండి దగ్గరవ్వొచ్చు. వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ ఊరికి ఒకటి రెండు ఉంచుకోండి. అంకె 94 కన్నా తగ్గితే కషాయాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

టీకా గురించి

"ప్రకృతి రైతుకి టీకా ఏంటి?" అనేవాళ్ళూ ఉన్నారు. మన దేశీ ఆవుకి ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా వేయిస్తున్నాం కదా. గాలికుంటు కూడా వైరసే. వచ్చిన పశువుని వేరే కట్టేస్తాం, సంతకి తోలం, దాని కుడితి గోలెం వేరే పెడతాం, మిగతా మందకి టీకా వేయిస్తాం. నాటుకోళ్ళకి కొక్కెర తెగులు టీకా వేయించని పెరడు వానాకాలం వెళ్ళేసరికి ఖాళీ అవుతుందనీ తెలుసు. ఆవుకీ కోడికీ సరే అన్నది ఇంట్లో అమ్మకి ఎందుకు కాదు?

2021 అక్టోబర్ 21కి దేశంలో 100 కోట్ల డోసులు పూర్తయ్యాయి. వాటిలో ఒక టీకా, కోవాగ్జిన్, మన హైదరాబాద్ దగ్గరే తయారైంది. మొదటి డోసు వేసుకుని రెండోది వాయిదా వేసినవాళ్ళు 2021లో ఊళ్ళలో చాలామంది ఉండేవారు. కోతలు ముమ్మరం కాకముందే వేయించుకోండి. టీకా జబ్బు ముదరకుండా కాపాడుతుంది. సోకకుండా, అంటించకుండా పూర్తిగా ఆపదు. అందుకే టీకా వేసుకున్నా మాస్కు, సబ్బు, గాలి మానకూడదు. అంచు పంట వేశామని జిగురు అట్టలు తీసేయం కదా.

చిన్న జాగ్రత్త వదిలేస్తే పెద్ద తాళం

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పడినప్పుడు ఏం జరిగిందో రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. అరటి గెలలు చెట్టుకే పండిపోయాయి, టమాటా, పూలు పశువుల పాలయ్యాయి, లారీ దొరక్క, కూలీలు రాక, కొనేవాడు లేక. అలాంటి తాళం మళ్ళీ పడకూడదనుకునేవాళ్ళలో నేను ముందుంటాను. ఆ తాళం అక్కర్లేకుండా చేసేవి ఈ చిన్న జాగ్రత్తలే. మాస్కు వేసుకోవడానికి సంత మూయక్కర్లేదు. ఆటో పరదా ఎత్తడానికి కోత ఆపక్కర్లేదు. జ్వరం ఉన్న మనిషిని ఇంట్లో ఉంచి అన్నం పెట్టడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

ప్రకృతి వ్యవసాయం అంటే చాలామంది మందు కొట్టకపోవడం అనుకుంటారు. అది సగమే. తెగులు రాకముందే కనిపెట్టుకుని ఉండటం, రోజూ తోట చుట్టి రావడం, చిన్న చిన్న పనులు విసుగు లేకుండా చేయడం మిగతా సగం. ఆ ఓపిక మనకుంది. దాన్ని గట్టు దాటించి ఊళ్ళోకి తేవాలి.

ఈ వారంలో నాలుగు పనులు చేయండి. బోరు దగ్గర సబ్బు కట్టండి. ఆటో పరదాలు ఎత్తించండి. ఇంట్లో రెండో డోసు ఎవరికి బాకీ ఉందో చూడండి. మీ ముఠా మేస్త్రిని పిలిచి, జ్వరం వచ్చినవాళ్ళ కూలి సంగతి కోత మొదలవకముందే తేల్చుకోండి. నాలుగోది చేస్తే మిగతా మూడూ వాళ్ళే చూసుకుంటారు.